ట్యూబులో గర్భానికి ఇంజెక్షన్ వైద్యం: తీసుకునే ముందు తేల్చుకోవలసినవి, తీసుకున్నాక తప్పకూడనివి

గర్భసంచిలో పెరగవలసిన పిండం అక్కడికి చేరకుండా, అండవాహికలో, అంటే మనం వాడుకలో ట్యూబు అనే సన్నని గొట్టంలో, ఆగిపోయి అక్కడే పెరగడం మొదలుపెడితే దానిని ట్యూబులో గర్భం అంటాము. ప్రతి 100 గర్భాలలో ఒకటో రెండో ఇలా దారి తప్పుతాయి. దారి తప్పినవాటిలో 90 శాతానికి పైగా ట్యూబులోనే ఉంటాయి. గర్భసంచి గోడ బిడ్డతోపాటు సాగుతుంది, ట్యూబు గోడ సాగదు. పిండం పెరిగేకొద్దీ ఆ గోడ పలచబడి, ఒక దశలో చిట్లి, రక్తం కడుపులోకి కారుతుంది. సకాలంలో గుర్తించకపోతే ఇది ప్రాణం తీసే జబ్బు. ముందుగా గుర్తిస్తే మాత్రం, చాలామందికి కోత లేకుండా, మెథోట్రెక్సేట్ అనే మందును ఇంజెక్షన్‌గా ఇచ్చి నయం చేయవచ్చు.

గుంటూరులో గైనిక్ వార్డు నర్సుగా ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. ఈ ఇంజెక్షన్ వేయడానికి రెండు నిమిషాలు చాలు. అయితే అది వేసిన రోజున "పనైపోయిందమ్మా, ఇక ఇంటికి పోవచ్చా" అని అడిగిన ప్రతి కుటుంబానికీ నేను ఒకటే చెప్పేదానిని: వైద్యం ఈ రోజు మొదలైంది, రక్తపరీక్షలో గర్భధారణ హార్మోను అంకె సున్నా దగ్గరకు వచ్చిన రోజున ముగుస్తుంది, ఆ మధ్యలోని వారాలన్నీ వైద్యమే. ఆ వారాలను ఎలా గడపాలో, అసలు ఆ దారి మీకు తగినదో కాదో ఎలా తేల్చుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇది మీ డాక్టరు మాటకు బదులు కాదు; డాక్టరు చెప్పినదాన్ని అర్థం చేసుకొని పాటించడానికి, అడగవలసినవి మరచిపోకుండా అడగడానికి మాత్రమే.

ముందు అనుమానం రావాలి

నెల తప్పి, చివరి నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కొద్దికొద్దిగా రక్తం కనపడటం, ఈ రెండూ ఉంటే ట్యూబులో గర్భమని ఎవరైనా అనుమానించాలి. కొందరికి నెల తప్పినట్టే తెలియదు. వచ్చిన కొద్దిపాటి రక్తాన్నే నెలసరి అనుకుంటారు. అందువల్ల పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఏ స్త్రీకి కడుపునొప్పి వచ్చినా మొదట మూత్రంతో గర్భ పరీక్ష చేయాలని నేను గట్టిగా నమ్ముతాను. మందుల షాపులో దొరికే ఆ చిన్న కిట్టు ఎన్నో ప్రాణాలను కాపాడగలదు.

మన ప్రాంతంలో ఈ అనుమానం రాకపోవడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో ప్రతి పదిమందిలో దాదాపు ఏడుగురు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన మాట ఇది. ఆపరేషన్ అయ్యాక గర్భం రావడం చాలా అరుదు, కానీ వస్తే అది ట్యూబులో ఉండే అవకాశం మామూలు గర్భంకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. సుమారు మూడింట ఒకటి అలాంటిదే. సత్తెనపల్లి వైపు పల్లె నుంచి మిరపకాయల కోతకు వెళ్లిన ఒకామెకు చేలోనే కడుపునొప్పి వచ్చింది. ఎనిమిదేళ్ల క్రితమే ఆపరేషన్ అయింది కనుక గర్భమనే ఆలోచన ఆమెకూ రాలేదు, వేడి చేసిందని మజ్జిగ ఇచ్చిన తోటికూలీలకూ రాలేదు, గ్యాస్ అని ఇంజెక్షన్ వేసిన ఊరి ఆర్‌ఎంపీకీ రాలేదు. మూడో రోజున మా దగ్గరకు తెచ్చేసరికి కడుపు నిండా రక్తం ఉంది. ఆమె బతికింది, కానీ ఇంజెక్షన్ వైద్యానికి ఆమె దగ్గర సమయం మిగలలేదు. "నాకు ఆపరేషన్ అయిపోయింది" అనే మాట గర్భ పరీక్ష మానేయడానికి కారణం కాకూడదు.

మునుపు ఒకసారి ట్యూబులో గర్భం వచ్చినవారు, ట్యూబు మీద ఏదైనా ఆపరేషన్ జరిగినవారు, కటి భాగంలో ఇన్‌ఫెక్షన్ లేదా క్షయ సోకినవారు, కాపర్ టీ ఉండగా నెల తప్పినవారు, పిల్లల కోసం ఐవీఎఫ్ వంటి చికిత్స తీసుకున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అయినా, ఈ జబ్బు వచ్చినవారిలో దాదాపు సగం మందికి ఈ కారణాలలో ఒక్కటీ ఉండదు. బరువు ఎత్తడం వల్ల, బస్సులో తిరగడం వల్ల, మెట్లు ఎక్కడం వల్ల ఇది రాదు. ఇంట్లో ఎవరైనా కోడలిని ఆ మాట అంటే, అది తప్పని అక్కడికక్కడే చెప్పవలసిన బాధ్యత భర్తది.

ఇక్కడే ఇంకొక హెచ్చరిక చేయాలి. గర్భం వద్దనుకొని, స్కానింగ్ చేయించకుండా, మందుల షాపులో అబార్షన్ మాత్రల కిట్టు కొని వేసుకునేవారు విజయవాడలోనూ గుంటూరులోనూ తక్కువమంది కాదు. ఆ మాత్రలు ట్యూబులో ఉన్న గర్భం మీద పనిచేయవు. గర్భసంచి లోపలి పొర ఊడి రక్తం మాత్రం పోతుంది, దానితో పని పూర్తయిందని అనుకుంటారు, ట్యూబులో పిండం పెరుగుతూనే ఉంటుంది. నువ్వుల ఉండలు, బెల్లం, పచ్చి బొప్పాయి తిని నెల తెప్పించుకోవాలని చూడటం కూడా విలువైన రోజులను పోగొట్టుకోవడమే. గర్భం ఎక్కడ ఉందో స్కానింగ్‌లో చూడకుండా ఏ మాత్రా మింగకూడదు.

నిర్ధారణలో తొందర వద్దు, ఆలస్యమూ వద్దు

నిర్ధారణకు రెండు పరీక్షలు కలిసి కావాలి. ఒకటి యోని ద్వారా చేసే స్కానింగ్. పొట్ట మీద చేసే స్కానింగ్ ఈ దశలో చాలాసార్లు సరిపోదు. రెండవది రక్తంలో బీటా హెచ్‌సీజీ అనే గర్భధారణ హార్మోను ఎంత ఉందో కొలిచే పరీక్ష. గర్భిణికి స్కానింగ్ చేసేటప్పుడు చట్ట ప్రకారం ఒక ఫారం నింపవలసి ఉంటుంది కనుక ఆధార్ కార్డు వెంట తీసుకువెళ్లండి; అది లేదని వెనక్కి వచ్చి ఒక పూట పోగొట్టుకున్నవారిని చూశాను.

బీటా హెచ్‌సీజీ ఒక్కసారి చేయించినంత మాత్రాన గర్భం ఎక్కడ ఉందో తేలదు. 48 గంటల తరువాత మళ్లీ చేయించి, ఎంత పెరిగిందో చూడాలి. గర్భసంచిలో సక్రమంగా ఉన్న గర్భమైతే, మొదటి అంకె 1500 లోపు ఉన్నప్పుడు 48 గంటలలో కనీసం 49 శాతం పెరగాలి. అంతకంటే తక్కువగా పెరిగినా, పెరగకుండా అటూ ఇటూ ఊగుతున్నా అనుమానం బలపడుతుంది. అంకె 3500 దాటినా గర్భసంచిలో ఏమీ కనపడకపోతే అనుమానం ఇంకా బలపడుతుంది. ట్యూబు పక్కన గర్భపు సంచి, దానిలో పచ్చసొన సంచి స్పష్టంగా కనపడితే ఇక సందేహం అక్కరలేదు.

నొప్పి పెద్దగా లేక, బీపీ, నాడి బాగుండి, స్కానింగ్‌లో స్పష్టత లేకపోతే, డాక్టరు "రెండు రోజులు ఆగుదాం" అన్నప్పుడు ఆగండి. మెథోట్రెక్సేట్ ఎదుగుతున్న కణాలను ఆపే మందు. గర్భసంచిలో బాగా ఎదుగుతున్న బిడ్డ ఉండగా పొరపాటున ఇస్తే ఆ గర్భం పోతుంది, పోకపోతే బిడ్డకు తీవ్రమైన అవకరాలు కలుగుతాయి. "అంత దూరం నుంచి వచ్చాం, ఇప్పుడే ఇంజెక్షన్ వేసి పంపండి" అని బంధువులు డాక్టరును ఒత్తిడి చేయడం చాలాసార్లు చూశాను. మీరు అడగవలసినది దానికి సరిగ్గా ఎదురు ప్రశ్న: "డాక్టరుగారూ, గర్భసంచిలో గర్భం లేదని ఖాయంగా తేలిందా? ఎలా తేలింది?" ఆ ప్రశ్న అడిగినందుకు ఏ మంచి డాక్టరూ నొచ్చుకోరు.

ఇంకొక ప్రశ్న దాదాపు ప్రతి కుటుంబమూ అడుగుతుంది: ట్యూబులోని పిండాన్ని గర్భసంచిలోకి మార్చలేరా అని. మార్చలేరు. ఆ పిండం బిడ్డగా పుట్టే దారి లేదు. అందుకే ఈ వైద్యాన్ని గర్భస్రావం చేయించుకున్న పాపంగా మనసులో మోయవలసిన అవసరం ఏ తల్లికీ లేదు.

ఈ ఇంజెక్షన్ ఎవరికి తగినది

ట్యూబు పగలకుండా ఉండాలి. నొప్పి తక్కువగా ఉండి, బీపీ, నాడి నిలకడగా ఉండాలి. స్కానింగ్‌లో ట్యూబులోని గర్భపు గడ్డ సుమారు 3.5 సెంటీమీటర్ల లోపు ఉండాలి. పిండానికి గుండె చప్పుడు కనపడకూడదు. బీటా హెచ్‌సీజీ సాధారణంగా 5000 లోపు ఉండాలి. 1500 లోపు ఉన్నవారిలో ఈ మందు ఎక్కువ నమ్మకంగా పనిచేస్తుంది. అంకె పెరిగేకొద్దీ విఫలమయ్యే అవకాశం పెరుగుతుంది. అంకె చాలా తక్కువగా ఉండి దానంతటదే తగ్గిపోతుంటే, కొందరికి ఏ మందూ ఇవ్వకుండా గమనిస్తూ ఉండటం కూడా సరిపోతుంది.

కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి, రక్తహీనత ఎక్కువగా ఉన్నవారికి, తెల్లకణాలు లేదా ప్లేట్‌లెట్లు తగ్గినవారికి, ఊపిరితిత్తుల్లో చురుకైన జబ్బు ఉన్నవారికి, కడుపులో పుండు ఉన్నవారికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి, చంటిబిడ్డకు పాలు ఇస్తున్నవారికి ఈ మందు ఇవ్వకూడదు. కాబట్టి పాత జబ్బులు ఏవీ దాచకండి. పదేళ్ల క్రితం కామెర్లు వచ్చి నాటుమందు వాడినా సరే, చెప్పండి.

వీటన్నిటితోపాటు నేను సమానంగా చూసే షరతు ఇంకొకటి ఉంది: రమ్మన్న రోజున రాగలగడం. కీళ్లవాతానికి వారానికొకసారి ఇదే మందును మాత్రగా వాడుతున్న పక్కింటి పెద్దావిడను చూసి ఇది తేలికైన వైద్యమనుకోవద్దు. మీ ఇల్లు తిరువూరు అవతలో, మాచర్ల అవతలో ఉండి, రాత్రివేళ బండి దొరకక, ఇంట్లో తోడు ఎవరూ లేకపోతే, పొట్ట మీద చిన్న రంధ్రాలతో చేసే ల్యాప్రోస్కోపీ ఆపరేషనే మీకు మంచి దారి కావచ్చు. ఆ ఆపరేషన్‌లో చాలాసార్లు ఆ ట్యూబును తీసేస్తారు. రెండవ ట్యూబు బాగున్నవారికి తరువాత గర్భం నిలిచే అవకాశం పెద్దగా తగ్గదు. ఆపరేషన్ ఎంచుకున్నంత మాత్రాన మీరు ఏదో పోగొట్టుకున్నట్టు కాదు. లేదంటే ఈ వారాలపాటు విజయవాడలోనో గుంటూరులోనో చుట్టాల ఇంట్లో ఉండగలరా అని ఆలోచించండి. ఆస్పత్రి అరగంట దూరంలో ఉండటం ఈ వైద్యంలో సగం భద్రత. గుంటూరు పెద్దాసుపత్రి, విజయవాడ ప్రభుత్వాసుపత్రి, రెండు ఊళ్ల మధ్యనున్న మంగళగిరి ఎయిమ్స్, వీటిలో మీకు అన్నిటికన్నా దగ్గరిది ఏదో, రాత్రి రెండు గంటలకు అక్కడికి ఎలా చేరతారో ముందే అనుకోండి.

ఇంజెక్షన్ వేసే రోజు

ఆ రోజున రక్తకణాల పరీక్ష, కాలేయ, మూత్రపిండాల పరీక్షలు, రక్తం గ్రూపు, బీటా హెచ్‌సీజీ చేస్తారు. మీ గ్రూపు నెగటివ్ అయితే యాంటీ డి ఇంజెక్షన్ అవసరమా అని డాక్టరును అడగండి. ఎత్తు, బరువు అక్కడే కొలిపించుకోండి, నోటి లెక్క చెప్పవద్దు. ఎందుకంటే మోతాదు శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి, చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాముల చొప్పున లెక్కగడతారు. 155 సెంటీమీటర్ల ఎత్తు, 55 కిలోల బరువు ఉన్న స్త్రీకి ఆ వైశాల్యం 1.54 చదరపు మీటర్లు, మోతాదు సుమారు 77 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములు ఉండే మందైతే అది మూడు మిల్లీలీటర్లకు కొంచెం ఎక్కువ అవుతుంది. అందుకే కొన్నిసార్లు రెండు వైపులా కండలో వేస్తారు. రెండుసార్లు పొడిచారని కంగారుపడవద్దు.

ఈ మందు పనిచేసే తీరు తెలిస్తే దాని పథ్యం అర్థమవుతుంది. కణాలు విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. మెథోట్రెక్సేట్ ఆ ఫోలిక్ ఆమ్లం కణంలో పనికిరాకుండా అడ్డుపడుతుంది, వేగంగా విభజన చెందే కణాలు ముందుగా ఆగిపోతాయి. ట్యూబులో అతుక్కున్న గర్భకణాలు అలాంటివే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల నుంచే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసే విధానమూ, దానిని అడ్డుకునే ఈ జాతి మందులూ వచ్చాయి. మొదట పిల్లల రక్తక్యాన్సర్‌కు వాడిన ఆ మందుల కోవలోనిదైన మెథోట్రెక్సేట్‌ను 1982లో జపాన్ వైద్యులు దారి తప్పిన గర్భానికి వాడి చూపారు. వార్డులో ఆ సీసా చేతికి తీసుకున్న ప్రతిసారీ మన జిల్లాల బిడ్డ ఒకాయన గుర్తుకు వచ్చేవారు.

ఇంటికి వెళ్లే ముందు ఒక కాగితం మీద తేదీలు రాయించుకోండి. ఇంజెక్షన్ వేసిన రోజును మొదటి రోజుగా లెక్కిస్తే, నాలుగో రోజున, ఏడో రోజున బీటా హెచ్‌సీజీ చేయించాలి. కొన్ని ఆస్పత్రుల్లో ఇంజెక్షన్ రోజును సున్నాగా లెక్కిస్తారు. అందువల్ల "నాలుగో రోజు రండి" అన్న మాటతో సరిపెట్టుకోకుండా, ఏ తేదీ, ఏ వారం అని అడిగి రాయించుకోవాలి. సోమవారం ఇంజెక్షన్ అయితే నాలుగో రోజు గురువారం, ఏడో రోజు ఆదివారం అవుతుంది. ఆదివారం, పండుగ రోజున తెరిచి ఉండే ల్యాబు విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఏది ఉందో ముందే కనుక్కోండి.

నాలుగో రోజు, ఏడో రోజు

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. నాలుగో రోజు అంకె మొదటి రోజుకన్నా పెరిగి ఉండవచ్చు. పెరిగితే మందు పనిచేయలేదని అర్థం కాదు. దెబ్బతిన్న కణాల నుంచి ఆ హార్మోను కొంతకాలం రక్తంలోకి వస్తూనే ఉంటుంది. ఆ అంకెను ఫోన్‌లో చూసి ఇల్లంతా ఏడ్చిన సందర్భాలు నాకు తెలుసు. అసలు పోల్చవలసినది నాలుగో రోజు అంకెను ఏడో రోజు అంకెతో. ఆ రెండింటి మధ్య కనీసం 15 శాతం తగ్గాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మొదటి రోజు 1820, నాలుగో రోజు 2140 వచ్చిందనుకోండి. 2140లో 15 శాతం 321. అంటే ఏడో రోజు అంకె 1819 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. 1690 వస్తే సుమారు 21 శాతం తగ్గినట్టు, మందు పనిచేస్తున్నట్టు. 1930 వస్తే 10 శాతమే తగ్గినట్టు. అప్పుడు డాక్టరు మళ్లీ పరీక్షించి రెండవ మోతాదు ఇవ్వాలా, ఆపరేషన్ చేయాలా అని నిర్ణయిస్తారు. కొందరికి మొదటి నుంచే మొదటి రోజున, నాలుగో రోజున రెండు మోతాదులు ఇస్తారు. మరికొందరికి రోజు విడిచి రోజు చిన్న మోతాదులు, మధ్య రోజుల్లో ల్యూకోవోరిన్ అనే విరుగుడు ఇస్తారు. మీకు ఏ పద్ధతి అనుసరిస్తున్నారో కాగితం మీద ఉండాలి, ఎందుకంటే అర్ధరాత్రి వేరే ఆస్పత్రికి వెళితే అక్కడి డాక్టరుకు ముందుగా తెలియవలసినది అదే.

అన్ని పరీక్షలూ ఒకే ల్యాబులో చేయించాలి. ఒక ల్యాబు యంత్రానికీ మరొక ల్యాబు యంత్రానికీ అంకెలు తేడాగా వస్తాయి, అప్పుడు 15 శాతం లెక్కకు అర్థమే ఉండదు. ఊళ్లో ల్యాబు దగ్గరని ఏడో రోజు పరీక్ష అక్కడ చేయించి, నాలుగో రోజుది గుంటూరులో చేయించినవారి కాగితాలు చూసి డాక్టర్లు తల పట్టుకోవడం మామూలే.

ఏడో రోజు సరిపడా తగ్గాక వారానికొకసారి పరీక్ష చేయించాలి, అంకె 5 కంటే తక్కువకు వచ్చేదాకా. చాలామందికి రెండు నుంచి నాలుగు వారాలు, మొదటి అంకె ఎక్కువగా ఉన్నవారికి ఎనిమిది వారాల దాకా కూడా పట్టవచ్చు. మూడో వారంలో నొప్పి లేదు, రక్తం ఆగింది, సంక్రాంతి పనులు ఉన్నాయి, ఇక ఎందుకని మానేసినవారు కొందరు. అంకె తగ్గుతూ ఉండగా కూడా ట్యూబు పగలవచ్చు. సంక్రాంతికి పుట్టింటికి వెళ్లి, పరీక్ష మానేసి, కనుమ నాడు స్పృహ తప్పి వచ్చిన ఒకామెను నేను ఇప్పటికీ మరచిపోలేదు. అంతకుముందు వారం ఆమె అంకె 300లోకి దిగింది.

ఏ నొప్పి ఓర్చుకోవచ్చు, ఏ నొప్పికి పరుగెత్తాలి

ఇంజెక్షన్ అయిన రెండో రోజు నుంచి వారం లోపు చాలామందికి పొత్తికడుపులో నొప్పి వస్తుంది. గర్భకణాలు ట్యూబు గోడ నుంచి ఊడేటప్పుడు వచ్చే నొప్పి అది. కొన్ని గంటలు ఉండి, పడుకుంటే, ప్యారసెటమాల్ మాత్ర వేసుకుంటే తగ్గుతుంది. నెలసరిలా రక్తం కూడా పోవచ్చు. ఆ నొప్పి వచ్చిందని డాక్టరుకు ఫోన్ చేసి చెప్పడం మంచిదే, భయపడనక్కరలేదు.

కానీ నొప్పి ఉన్నట్టుండి పొడిచినట్టు వచ్చి తగ్గకపోవడం, కళ్లు తిరగడం, నిలబడితే పడిపోతున్నట్టు ఉండటం, చెమటలు పట్టి ఒళ్లు చల్లబడటం, భుజం చివర నొప్పి, కడుపు ఉబ్బడం, మలవిసర్జనకు వెళ్లాలన్న బలమైన ఒత్తిడి, ఇవి కడుపులో రక్తం కారుతున్న గుర్తులు. భుజం నొప్పిని ఎవరూ కడుపుతో ముడిపెట్టరు. కడుపులో చేరిన రక్తం, ఛాతీకీ కడుపుకూ మధ్య ఉండే కండరపు పొరను, అంటే ఉదరవితానాన్ని, తాకితే ఆ బాధ భుజంలో తెలుస్తుంది. వీటిలో ఏ ఒక్కటి కనపడినా 108కు ఫోన్ చేయండి. ఊళ్లో నొప్పి ఇంజెక్షన్ వేయించి తెల్లవారేదాకా చూడవద్దు. దారిలో కాఫీ, టిఫిన్ ఏమీ పెట్టవద్దు, ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇవ్వాలి కదా. ఇంజెక్షన్ తేదీ, అంకెలు రాసిన కాగితం తీసుకురండి. రక్తం ఇవ్వగలిగిన బంధువు ఒకరు వెంట వస్తే మేలు.

తిండి, మందులు, ఎండ

ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్రలు ఆపాలి. ఇది వినడానికి తేలిక, పాటించడంలోనే పొరపాటు జరుగుతుంది. గర్భం అని తెలియగానే ఆశా కార్యకర్త లేదా ఏఎన్ఎం ఇచ్చే ఎర్రటి ఐరన్ మాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. రక్తం పోతోంది కదా అని ఇంట్లోవారు దానినే మళ్లీ వేయిస్తారు, మందు చేసే పనికి అది అడ్డు. మల్టీవిటమిన్ మాత్రల, బలం టానిక్కుల పెట్టె మీద కూడా చదవండి. రక్తహీనతకు ఏ ఐరన్ వాడాలో డాక్టరునే అడగాలి. ఆకుకూరలు, పప్పుల విషయంలో వైద్యుల మాట ఒకేలా ఉండదు. కొందరు ఆ కొద్ది వారాలు తగ్గించమంటారు. మీ డాక్టరు చెప్పినట్టే చేయండి, కానీ ఆ పేరుతో పస్తులు ఉండవద్దు. కడుపు ఉబ్బించే పదార్థాలు మాత్రం తగ్గించడం మంచిది, అవి తింటే గ్యాస్ నొప్పినీ అసలు నొప్పినీ వేరుచేయడం కష్టమవుతుంది.

డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు, కోట్రిమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఈ మందుతో కలిస్తే దాని విషప్రభావం పెరుగుతుంది. మద్యం పూర్తిగా మానాలి. మొదటి రోజుల్లో వికారం, నీరసం, నోటిలో పుండ్లు రావచ్చు. నోరు పూసినప్పుడు గుంటూరు కారం పక్కన పెట్టి పెరుగన్నం, చలువ చేసే పదార్థాలు తినండి. పుండ్లు ఎక్కువైనా, జ్వరం వచ్చినా, విరేచనాలు పట్టినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి రావాలి, తెల్లకణాలు తగ్గి ఉండవచ్చు. ఈ మందు వేసుకున్నవారి చర్మం ఎండకు త్వరగా కములుతుంది. విజయవాడ మే నెల ఎండలో అయితే పది నుంచి నాలుగు దాకా ఇల్లు కదలవద్దు, చేలో పనికి అసలే వెళ్లవద్దు.

అంకె 5 లోపుకు వచ్చేదాకా భార్యాభర్తలు కలవకూడదు, బరువులు ఎత్తకూడదు, పదేపదే లోపలి పరీక్ష చేయించుకోకూడదు. నలిగి ఉన్న ట్యూబు వీటితో పగిలే ప్రమాదం ఉంది. ఈ విషయం భర్తకు డాక్టరు ఎదుటే చెప్పించండి, భార్య చెబితే సాకు అనుకునేవారు ఇంకా ఉన్నారు.

మళ్లీ గర్భం

చివరి ఇంజెక్షన్ తరువాత కనీసం మూడు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి, మందు శరీరంలోంచి పూర్తిగా పోవాలి. అంకె 5 లోపుకు దిగిందని తేలాక ఫోలిక్ ఆమ్లం ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరును అడిగి, గర్భానికి ప్రయత్నించే ముందే మొదలుపెట్టండి. ఇంజెక్షన్ వైద్యం అయినవారిలో ఎక్కువమందికి తరువాత గర్భసంచిలోనే గర్భం నిలుస్తుంది. అయితే మళ్లీ ట్యూబులో వచ్చే అవకాశం సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుంది. కాబట్టి నెల తప్పిన వెంటనే ఇంటి దగ్గరే పరీక్ష చేసుకొని, గర్భం అని తేలితే "మూడో నెల నిండాక చూపిద్దాం" అనకుండా, బీటా హెచ్‌సీజీ చేయించి, ఆరో వారంలో యోని ద్వారా చేసే స్కానింగ్‌కు వెళ్లండి. పాత ఫైలు వెంట తీసుకువెళ్లి, లోపలికి అడుగు పెట్టగానే మొదట చెప్పవలసిన మాట ఇది: "నాకు అంతకుముందు కుడి ట్యూబులో గర్భం వచ్చింది, ఇంజెక్షన్ వేశారు." కుడో ఎడమో మరచిపోతారు కనుక ఈ రోజే ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.